పాత స్టార్ ట్రెక్‌ను మళ్లీ చూడటం ఎలా: 79 ఎపిసోడ్లు, ఒక నోటుబుక్కు

కెప్టెన్ కిర్క్ ఆ బల్లి మనిషిని చంపేశాడని నేను చాలా ఏళ్లు నమ్మాను. 'అరీనా' అనే ఎపిసోడ్ అది. రాళ్ల గుట్టల మధ్య ఇద్దరూ కొట్టుకుంటారు. కిర్క్ గంధకం, బొగ్గు, సూరేకారం ఏరుకొచ్చి బొంగులో కూరి ఫిరంగి తయారు చేస్తాడు, పేలుస్తాడు, గోర్న్ అనే ఆ బల్లి మనిషి వెల్లకిలా పడిపోతాడు. అక్కడిదాకా నాకు గుర్తున్నది కరెక్టే. ఆ తర్వాతిదే తప్పు. కిర్క్ రాతి కత్తిని దాని గొంతు దాకా తీసుకెళ్లి ఆగిపోతాడు. ఈ గోర్న్‌లు మన స్థావరం మీద పడింది తమ చోటును కాపాడుకోవడానికేమో అని ఆలోచిస్తాడు, చంపనంటాడు. ఆ కథ రాసిందే ఆ ఒక్క నిమిషం కోసం. నాకు ఫిరంగి గుర్తుండిపోయింది, ఆ నిమిషం మాత్రం ఎగిరిపోయింది.

అందుకే ఈసారి సీరియల్ మొత్తం ఒక పద్ధతిగా చూశాను. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలై 1969 జూన్ 3న ఆగిపోయిన మొదటి స్టార్ ట్రెక్ ఇది, కెప్టెన్ కిర్క్ అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ గ్రహం గ్రహం తిరిగే కథలు. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. కలిపితే 66 గంటల దాకా వస్తుంది. ఊరికే ప్లే నొక్కి వదిలేస్తే పదో ఎపిసోడ్‌కే నిద్రొస్తుంది. నేను చేసినవి, చేసి మార్చుకున్నవి వరసగా చెప్తాను.

1. ప్లే నొక్కే ముందు గుర్తున్నది రాయండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. మీకు బాగా గుర్తున్న పది ఎపిసోడ్లు ఎంచుకుని, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాయండి: కథ ఏంటి, ఎలా ముగిసింది, ఎవరెవరు ఉన్నారు, ఒక డైలాగ్. ఇంటర్నెట్‌లో చూడకూడదు. పేరు గుర్తు రాకపోతే "రోమాలతో గుండ్రంగా ఉండే బుజ్జి జీవాల కథ" అని రాసినా సరిపోతుంది. కుడివైపు పేజీ ఖాళీగా వదలండి. ఎపిసోడ్ చూశాక అసలు జరిగింది అక్కడ రాస్తారు.

ఇదేదో స్కూలు హోంవర్క్‌లా ఉందని మొదట నాకూ అనిపించింది. కానీ మొదటి వారంలోనే తెలిసిపోయింది, ఈ పని లేకపోతే మిగతావన్నీ వృథా అని. చూసిన మరుక్షణం మెదడు "నాకిది ముందే తెలుసు" అని అబద్ధం చెప్పేస్తుంది. కాగితం మీద ఉంటే దాని ఆటలు సాగవు.

డైలాగులు ముఖ్యంగా రాయండి. "బీమ్ మీ అప్, స్కాటీ" అని అందరికీ నోటికొచ్చు కదా, 79 ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అచ్చం అలా వినపడదు. దగ్గరగా ఉండేవి వస్తాయి, అది మాత్రం రాదు. అలాగే ఓడకి దారి చూసే చెకోవ్ మొదటినుంచీ ఉన్నాడని రాసి ఉంటే కొట్టేయాల్సి వస్తుంది. అతను వచ్చింది రెండో సీజన్‌లో.

2. సరైన ప్రింటు, సరైన టీవీ

2006 నుంచి ఈ సీరియల్‌ను శుభ్రం చేసి, అంతరిక్షంలో ఓడ కనిపించే షాట్లను కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మళ్లీ తయారు చేశారు. కాబట్టి ఇప్పుడు రెండు రకాల స్టార్ ట్రెక్ ఉంది. బ్లూ-రే డిస్కుల్లో రెండూ ఉన్నాయి, మార్చుకుంటూ చూడొచ్చు. వేరే చోట చూసేవాళ్లు ఏది వస్తోందో ముందే తెలుసుకోవాలి.

నా ఓటు పాతవాటికే. ఉదాహరణకు 'ది డూమ్స్‌డే మెషీన్'లో శిథిలమైన కాన్‌స్టెలేషన్ ఓడ కనిపిస్తుంది. అది షాపుల్లో పిల్లలకి అమ్మే ప్లాస్టిక్ మోడల్ కిట్. దాన్ని తెచ్చి, కాల్చి, పాడుచేసి కెమెరా ముందు పెట్టారు. కొత్త వెర్షన్‌లో ఓడ నిజంగానే నాశనమైనట్టు కనిపిస్తుంది, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పాతదాన్లో ఆ కాలిన ప్లాస్టిక్ అంచులు చూస్తుంటే ఒక టేబుల్ చుట్టూ కూర్చున్న మనుషులు గుర్తొస్తారు. కుదిరితే ఈ ఒక్క ఎపిసోడ్ రెండు రకాలుగానూ చూసి, ఏది కావాలో మీరే తేల్చుకోండి.

టీవీ సెట్టింగుల్లో రెండు పనులు. మోషన్ స్మూతింగ్ లాంటిది ఏముంటే అది ఆపేయండి, లేకపోతే సినిమా ఫిల్మ్ మీద తీసినది వీడియో కెమెరాతో తీసిన నాటకంలా కనిపిస్తుంది. బొమ్మను స్క్రీన్ మొత్తానికీ సాగదీయకండి. ఇది నాలుగు-మూడు నిష్పత్తిలో తీసింది, పక్కన నల్లటి పట్టీలు ఉండాల్సిందే. ఎపిసోడ్ 50 నిమిషాలకు బాగా తక్కువ ఉంటే మీకు దొరికింది ప్రకటనల కోసం కత్తిరించిన కాపీ అని అర్థం.

3. ప్రసారమైన వరస వద్దు, తీసిన వరస పట్టుకోండి

చాలామంది ఇక్కడే తడబడతారు. జాబితాలన్నీ ప్రసారమైన తేదీల ప్రకారం ఉంటాయి. ఆ వరసలో మొదటిది 'ది మ్యాన్ ట్రాప్', ఉప్పు పీల్చే ప్రాణి కథ. మూడో వారం వచ్చింది 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్'. అది చూస్తే గందరగోళమే: యూనిఫాం వేరు, ఓడ డాక్టర్ మెకాయ్ లేడు, వేరే డాక్టరెవరో ఉన్నాడు, వేరే గ్రహం నుంచి వచ్చిన కొన చెవుల స్పాక్ చొక్కా నీలం కాదు, ఓడలో సందేశాలు చూసే ఉహురా కనపడదు. ఎందుకంటే అది రెండో పైలట్, అంటే ఛానల్‌కు చూపించడానికి తీసిన నమూనా ఎపిసోడ్. 79లో అన్నిటికన్నా ముందు తీసి, మూడో వారం వేశారు. దాన్లో సమాధి రాయి మీద కిర్క్ ఇనిషియల్ కూడా "ఆర్" అని ఉంటుంది. తర్వాత అది "టి" అయింది.

తీసిన వరసలో చూస్తే ఈ తికమకలు పోయి, సీరియల్ తనను తాను కనుక్కోవడం కనిపిస్తుంది. మొదట 'వేర్ నో మ్యాన్', తర్వాత 'ది కార్బొమైట్ మానూవర్', 'మడ్స్ విమెన్', 'ది ఎనిమీ వితిన్', 'ది మ్యాన్ ట్రాప్', 'ది నేకెడ్ టైమ్', 'చార్లీ ఎక్స్', 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'. ఇంతవరకు ఈ వరస కచ్చితంగా పాటించండి. కార్బొమైట్ నుంచి మెకాయ్, ఉహురా వస్తారు. రెండో సీజన్ నుంచి వరసతో అంత పట్టింపు లేదు.

మరి మొట్టమొదటి పైలట్ 'ది కేజ్' సంగతేంటి? 1964 చివర్లో షూటింగ్ మొదలుపెట్టి తీసి, ఎన్‌బీసీ వద్దంది అది. దాన్ని పక్కన పెట్టండి. చివర్లో పని ఉంది.

4. రోజుకొకటి, అదీ ఐదు ముక్కలుగా

వారానికొకటి చూడమని తీసిన సరుకు ఇది. ఒకే రాత్రి నాలుగు చూస్తే ప్రతి గ్రహం మీదా అదే రాయి, ప్రతి గొడవకీ అదే సంగీతం అనిపిస్తుంది. అలా అనిపించడం మీ తప్పు కాదు, నిజంగానే అదే రాయి. నేను మొదట్లో ఆదివారం ఆరు చూశాను. నోటుబుక్కులో ఆ రోజు పేజీలు చూస్తే ఏ కథ ఏదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. రోజుకొకటి చాలు, వారానికి మూడు నాలుగైతే ఇంకా నయం.

ఇంకో చిన్న చిట్కా. ప్రతి ఎపిసోడ్‌లో టైటిల్స్‌కి ముందు ఒక చిన్న ముక్క, ఆ తర్వాత నాలుగు అంకాలు ఉంటాయి. అంకం చివర కెమెరా కిర్క్ మొహం మీదకి వెళ్తుంది, బాకాలు మోగుతాయి, తెర నల్లగా అవుతుంది. అక్కడ ప్రకటనలు వచ్చేవి. ఇప్పుడు అర సెకనులో తర్వాతి సీన్ మొదలైపోతుంది, ఆ టెన్షన్ కాస్తా గాలికి పోతుంది. తెర నల్లబడగానే పాజ్ నొక్కి ఒక్క నిమిషం లేచి తిరగండి. "ఇప్పుడేం చేస్తాడు?" అనే ప్రశ్న ఆ నిమిషంలోనే ఊరుతుంది. రాసినవాళ్లు ఆ నిమిషాన్ని లెక్కలో పెట్టుకునే రాశారు.

5. ఒక మనిషిని పట్టుకుని వెళ్లండి

రెండోసారి చూసేటప్పుడు కథ ఎటు పోతుందో ఎలాగూ తెలుసు. కళ్లకి వేరే పని పెట్టాలి. ఒక పాత్రను ఎంచుకుని మొదటి సీజన్ మొత్తం ఆ పాత్ర మీదే కన్నేయండి. నేను స్పాక్‌ను ఎంచుకున్నాను. నోటుబుక్కులో ఎడమవైపు "స్పాక్ మొదటినుంచీ రాయిలా ఉంటాడు" అని ధీమాగా రాసుకున్నాను మరి.

'వేర్ నో మ్యాన్' స్పాక్ కిర్క్‌తో చదరంగం ఆడుతుండగా మొదలవుతుంది. పెదవి చివర ఒక నవ్వు ఉంటుంది, మాట పెంచి అరుస్తాడు కూడా. స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమాయ్‌కి ఇంకా పాత్ర దొరకలేదు. దొరికిన చోటు గురించి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు: కార్బొమైట్ షూటింగ్‌లో పెద్ద ప్రమాదం తెర మీదకి రాగానే అందరూ కంగారు పడుతుంటే, దర్శకుడు జోసెఫ్ సార్జెంట్ "నువ్వు మాత్రం శాస్త్రవేత్తలా, ఏమీ అంటనట్టు చెప్పు" అన్నాడట. ఆ ఒక్క మాట, "ఫాసినేటింగ్", అలా వచ్చింది. ఆ సీన్ దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూడండి.

రెండు మూడు ఎపిసోడ్ల తర్వాత 'ది నేకెడ్ టైమ్' వస్తుంది. ఒక జబ్బు ఓడలో అందరి లోపలి మనిషినీ బయటికి లాగుతుంది. ఓడ నడిపే సూలూ కత్తి పట్టుకుని చొక్కా లేకుండా వరండాల్లో పరిగెడతాడు, మనకి అదే గుర్తుంటుంది. స్పాక్ ఖాళీ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటాడు. తన మీద తనకు అదుపు ఉందని పైకి చెప్పుకుంటాడు, ఆ మాట పూర్తికాదు. లెక్కలు చెప్పుకోవడం మొదలుపెడతాడు, రెండు, నాలుగు, ఆరు... ఆరు దగ్గర గొంతు తెగిపోతుంది, టేబుల్ మీద తల వాల్చి ఏడుస్తాడు. చూసేవాళ్లు లేరు, ఓదార్చేవాళ్లూ లేరు.

ఆ తర్వాత 'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్'లో చెట్టు కొమ్మకి వేలాడుతూ నవ్వే స్పాక్ వస్తాడు. రెండో సీజన్ మొదట ప్రసారమైన 'అమోక్ టైమ్'లో చనిపోయాడనుకున్న కిర్క్ ఎదురుగా కనపడగానే భుజాలు పట్టుకుని "జిమ్!" అని అరుస్తాడు, మొహమంతా నవ్వు. వెంటనే సర్దుకుంటాడు. మెకాయ్ చూసేశాడని ఆయనకీ తెలుసు. రాయిలా ఉంటాడన్న నా వాక్యాన్ని అక్కడ కొట్టేశాను.

ఉహురాను పట్టుకుని వెళ్లినా మంచిదే, కానీ కోపం వస్తుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

6. ఒక్క ఎపిసోడ్ మూడుసార్లు చూడండి

నా సలహా 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'. మొదటిసారి మామూలుగా. రెండోసారి సౌండ్ తీసేసి. మూడోసారి బొమ్మ వైపు చూడకుండా, వింటూ.

కథ ఇది. ఓడలోని చిన్న ప్రార్థన గదిలో పెళ్లి జరుగుతుంటుంది, కిర్క్ పెళ్లి చేయించబోతుండగా ప్రమాద ఘంట మోగుతుంది. సరిహద్దు దాటొచ్చిన రోములన్ అనే శత్రు జాతి ఓడ కనపడకుండా మాయమవగలదు. రెండు ఓడలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. సబ్‌మెరీన్ యుద్ధాల సినిమాలను తెచ్చి అంతరిక్షంలో పెట్టారు. ఎంతగా అంటే, శత్రువుకి వినపడుతుందేమో అన్నట్టు అందరూ గుసగుసలాడతారు, శూన్యంలో! మొదటిసారి చూసినప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

సౌండ్ లేకుండా చూసినప్పుడు వెలుగు కనిపిస్తుంది. కెమెరామన్ జెర్రీ ఫిన్నర్‌మన్ బూడిద రంగు గోడల మీద రంగు లైట్లు వేసి, ఉన్న నాలుగు సెట్లతోనే వేరే వేరే చోట్లు పుట్టించాడు. కిర్క్ ఆలోచిస్తుంటే కళ్ల మీద మాత్రమే ఒక పట్టీలా వెలుగు పడుతుంది. రోములన్ సిపాయిలు హెల్మెట్లు ఎందుకు పెట్టుకున్నారో కూడా అప్పుడు గమనించండి. అందరికీ కొన చెవులు అతికించాలంటే ఖర్చు, హెల్మెట్ అయితే చవక. రోములన్ నాయకుడి మొహం మొదటిసారి తెర మీదకి వచ్చినప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, స్టైల్స్ అనే అధికారి తల తిప్పి స్పాక్‌ను చూస్తాడు. శత్రువు చెవులూ ఇతని చెవులూ ఒకటే. డైలాగ్ అక్కర్లేదు, ఆ చూపులోనే అనుమానమంతా ఉంది. ఆ అనుమానాన్ని నీ గదిలోనే వదిలిరా అని కిర్క్ అతనికి గట్టిగా చెప్తాడు.

వింటూ కూర్చున్నప్పుడు రోములన్ కమాండర్ గొంతు పట్టుకుంటుంది. మార్క్ లెనార్డ్ అనే నటుడు. యుద్ధంతో అలసిపోయిన మనిషి గొంతు, కిర్క్ గొంతు కన్నా లోతు. మరో పరిస్థితిలో అయితే మనం స్నేహితులమయ్యేవాళ్లం అంటూ తన ఓడను తానే పేల్చేసుకుంటాడు. ఏడాది తర్వాత 'జర్నీ టు బేబెల్'లో అదే నటుడు స్పాక్ తండ్రి సారెక్‌గా వస్తాడు. మూడోసారి విన్నాక ఆ ఎపిసోడ్ చూస్తే, మొదటి మాటకే గుర్తుపడతారు.

చివరికి చనిపోయింది ఆ పెళ్లికొడుకే. నా నోటుబుక్కులో పెళ్లి సంగతే లేదు.

7. చిరాకు పుట్టించేవి దాటేయకండి, గుర్తు పెట్టుకోండి

1960ల సీరియల్ ఇది, అప్పటి మనుషులు తీశారు. పొట్టి గౌన్ల యూనిఫాం, "మీరు బయటికి వెళ్లండి, ఇది ఆడవాళ్లు చూడకూడనిది" అన్న ధోరణి చాలాచోట్ల తగుల్తాయి. 'ది ఎనిమీ వితిన్'లో కిర్క్ చెడ్డ రూపం అతని సహాయకురాలు యోమన్ ర్యాండ్ మీద దాడి చేస్తుంది. ఎపిసోడ్ చివర దాని గురించి స్పాక్ ఆమెతోనే చేసే వ్యాఖ్య వింటే ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడు నాకు అది తట్టనే లేదు. చివరి ఎపిసోడ్ 'టర్నబౌట్ ఇంట్రూడర్' కథ మొత్తం ఒక ఆడమనిషి కెప్టెన్ కాలేకపోయిన కసి మీదే నడుస్తుంది.

ఉహురా దగ్గర గర్వం, చిరాకు రెండూ కలిసే ఉంటాయి. ఆ పాత్ర వేసిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ ఉండమని చెప్పారని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. అలాంటి పాత్రకి వారం వారం దొరికింది మాత్రం "ఛానళ్లన్నీ తెరిచే ఉన్నాయి సార్" అన్న తరహా మాట. 1968 నవంబర్ 22న వచ్చిన 'ప్లేటోస్ స్టెప్‌చిల్డ్రన్'లో ఆమెకూ కిర్క్‌కూ మధ్య ముద్దు గురించి అందరూ చెప్తారు. చూస్తే తెలుస్తుంది, అది వాళ్లిద్దరినీ బొమ్మల్లా ఆడిస్తూ బలవంతంగా పెట్టించిన ముద్దు. ఆమె నటన చూడాలంటే 'మిర్రర్, మిర్రర్' చూడండి. అక్కడ ఆమెకు చేయడానికి పని ఉంది, బాకు ఉంది, భయాన్ని మింగి నడవడం ఉంది.

8. మూడో సీజన్‌ను ఎలా దాటాలి

రెండో సీజన్ తర్వాత ఆపేస్తారన్న పుకారుకి అభిమానులు ఎన్‌బీసీకి కట్టలు కట్టలుగా ఉత్తరాలు రాశారు. సీరియల్ నిలిచింది. కానీ శుక్రవారం రాత్రి పది గంటల స్లాట్ ఇచ్చారు. చూసే కుర్రకారంతా బయట తిరిగే టైం అది. బడ్జెట్ తగ్గింది, సీరియల్‌ను సృష్టించిన జీన్ రాడెన్‌బెర్రీ రోజువారీ పనుల నుంచి తప్పుకున్నాడు. అలాంటి సీజన్ 'స్పాక్స్ బ్రెయిన్'తో మొదలైంది, స్పాక్ మెదడును ఎవరో ఎత్తుకుపోతారు. అది పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చూడండి, నవ్వుకోవచ్చు.

డబ్బు లేకపోవడమే అందంగా మారిన ఎపిసోడ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. 'స్పెక్టర్ ఆఫ్ ది గన్'లో ఊరంతా ముందు గోడలే, వెనక ఎర్రటి ఆకాశం. కల అలాగే ఉంటుంది కదా, సగం కట్టిన ఊరులా. 'ది ఎంపాత్' దాదాపు మొత్తం నల్లటి చీకటి వేదిక మీద నడుస్తుంది, మాట్లాడని ఒక అమ్మాయి ఇతరుల గాయాల్ని తన ఒంటి మీదకి తీసుకుంటుంది. ఈ రెండూ, 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్', 'ది థోలియన్ వెబ్', 'ఆల్ అవర్ యెస్టర్‌డేస్' వదలకండి. 'అండ్ ద చిల్డ్రన్ షల్ లీడ్' వదిలేసినా ఏమీ పోదు.

9. కొత్తవాళ్లతో కలిసి చూస్తే

ఎప్పుడూ చూడని మనిషిని 'సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'తో మొదలుపెట్టించకండి. గొప్పదే, 1968లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకుంది. కానీ చివర్లో కిర్క్ మెకాయ్‌ని పట్టి ఆపేటప్పుడు తగిలే దెబ్బ, ఆ ముగ్గురూ ఎలాంటివాళ్లో తెలిసినవాళ్లకే తగుల్తుంది. 'ది డెవిల్ ఇన్ ది డార్క్' పెట్టండి. గనిలో పనివాళ్లను చంపుతున్న రాతి రాక్షసి కథ. ఆ వేషం తయారుచేసిన యానోస్ ప్రోహాస్కా దాన్ని వేసుకుని పాకి చూపించాకే నిర్మాత జీన్ కూన్ ఈ కథ రాశాడు. పక్కనున్నవాళ్ల మొహం చూడకండి, "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అనకండి. సగం దాకా వాళ్లు ఆ రాయిని నవ్వుతూ చూస్తారు, స్పాక్ దాని మనసులోకి వెళ్లి నొప్పితో అరిచాక నవ్వు ఆగుతుంది. అది ఎందుకు చంపుతోందో చివర్లో తెలిసేదాకా మీరు నోరు మెదపకపోతే చాలు.

10. 'ది కేజ్' ఆఖరి రాత్రికి

79 అయ్యాక, వద్దన్న ఆ మొదటి పైలట్ పెట్టండి. దీని ముక్కల్ని 'ది మెనాజరీ'లో వాడేశారు కాబట్టి కథ తెలిసే ఉంటుంది. మొత్తంగా, రంగుల్లో టీవీలో వేసింది 1988లో. కిర్క్ లేడు, కెప్టెన్ పేరు పైక్. అతని తర్వాతి స్థానంలో మెజెల్ బారెట్ వేసిన ఒక మహిళ, పేరు కూడా లేకుండా "నంబర్ వన్". ఏ భావమూ కనపడని, లెక్క తప్పని మనిషి ఆవిడే. ఆ పాత్రను తీసేశాక ఆ స్వభావం మొత్తం స్పాక్‌కి వెళ్లింది.

అందుకే ఇక్కడి స్పాక్‌కి ఇంకా అది లేదు. టాలోస్ గ్రహం మీద దిగాక నీలిరంగు ఆకులు సన్నగా పాడుతుంటాయి. పైక్ ఒకటి పట్టుకుంటాడు, పాట ఆగుతుంది. స్పాక్ ఇంకోటి పట్టుకుంటాడు, అదీ ఆగుతుంది. అప్పుడు స్పాక్ పళ్లు కనపడేలా నవ్వుతాడు. నోటుబుక్కు తెరిచి స్పాక్ పేజీలో ఎడమవైపు ఏం రాశారో అప్పుడు చూసుకోండి.